మూతపడిన కెమికల్ ఫ్యాక్టరీలో మట్టి ఎత్తేముందు

పటాన్‌చెరు, బొల్లారం వైపు మూతపడిన యూనిట్లలో పాత డ్రమ్ములు, స్లడ్జ్ (రసాయనాల బురద) గుంతలు ఖాళీ చేయించే పని నాది. కొత్తగా వచ్చే సూపర్‌వైజర్లు మొదట అడిగేది “ఏ మాస్క్ కొనాలి సార్?” అని. మాస్క్ సంగతి తర్వాత. అక్కడ ఏం తయారయ్యేది, ఏ సాల్వెంట్లు వాడేవారు, మిగిలింది ఎక్కడ పారబోసేవారు, ముందు అది తెలుసుకోండి. ఫైళ్లు దొరక్కపోతే అక్కడ పనిచేసి మానేసిన ఆపరేటర్‌ని పట్టుకుని టీ తాగించండి. డ్రమ్ము మీది లేబుల్ కన్నా ఆయన మాటే నేను నమ్ముతాను. లేబుల్ ఒకటి, లోపలి సరుకు ఇంకొకటి కావడం ఈ పనిలో మామూలే.

మూత ఉబ్బిన డ్రమ్ములో ప్రెషర్ ఉన్నట్టే. దాన్ని కదపకుండా, ఎవరూ దగ్గరికి పోకుండా కాస్త దూరంలో చుట్టూ తాడు కట్టి, కెమిస్ట్ వచ్చేదాకా ఆగండి. ఇనప సుత్తి, ఉలి దగ్గరికి కూడా రానివ్వొద్దు. నిప్పురవ్వ లేవని ఇత్తడి పనిముట్లు దొరుకుతాయి. యాసిడ్ డ్రమ్ములు వేరుగా పెట్టించండి. కారిన యాసిడ్ సల్ఫైడ్ ఉన్న బురదలో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది.

అసలు భయం గుంతతోనే. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దాటేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. “వాసన పోయింది, దిగుదాం” అన్నవాణ్ని వెనక్కి లాగండి. నాలుగు గ్యాసుల మీటర్‌ని (ఆక్సిజన్, మండే గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ చూపించేది) తాడుకు కట్టి పైన, మధ్యలో, అడుగున చూడాలి. ముందు ఆక్సిజన్: 19.5 శాతానికి తగ్గకూడదు. అది తక్కువుంటే మండే గ్యాస్ రీడింగ్ కూడా తప్పు చూపిస్తుంది. గాలిలో కనీసం ఎంత గ్యాస్ ఉంటే అంటుకుంటుందో దాన్ని ఎల్‌ఈఎల్ అంటారు. మండే గ్యాస్ ఆ ఎల్‌ఈఎల్‌లో 10 శాతానికి చేరితే అందర్నీ బయటికి పంపండి. “గంట పనికి మీటర్ ఎందుకు” అనే కాంట్రాక్టర్ ప్రతి సైట్‌లోనూ ఉంటాడు. గుంతలో దిగే పర్మిట్ మీద సంతకం పెట్టకండి, అంతే. కార్ట్రిడ్జ్ మాస్క్ గాలిని వడకడుతుంది తప్ప ఆక్సిజన్ ఇవ్వదు. పైన కాపలా మనిషి ఉండాలి. లోపలివాడు పడిపోతే అతను దూకకూడదు. బెల్టు, ట్రైపాడ్‌తో పైకి లాగాలి. కాపాడబోయి దిగినవాళ్లే రెండో శవం, మూడో శవం అవుతున్నారు.

మే నెలలో పీవీసీ సూట్ వేసుకుంటే ఎండే ఇంకో విషం. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. సూట్ విప్పాలని బద్ధకించి చాలామంది నీళ్లు తాగరు. 20 నిమిషాలకోసారి బయటికి పిలిచి, చేతులు కడిగించి, మీరే గ్లాసు అందించండి.

పని ముగించి బయటికి వచ్చేటప్పుడు ముందు బూట్లు కడగాలి. తర్వాత పైగ్లౌజులు, సూట్, మాస్క్ వరసగా విప్పి, లోపలి గ్లౌజులు చివర్లో తియ్యాలి. కడిగిన నీళ్లు మోరీలోకి వదలొద్దు, డ్రమ్ములో పట్టండి. అవీ మట్టితోపాటు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాల్సినవే. పని బట్టలు ఇంటికి పోకూడదు, అక్కడ పిల్లల బట్టలతో కలిపి ఉతుకుతారు.

మన దగ్గర ఎక్కువమంది ఒడిశా, బీహార్ వాళ్లు. తెలుగు బోర్డు పెడితే చదివేదెవరు? హిందీలో చెప్పండి. మాస్క్‌లో మాట వినపడదు కాబట్టి సైగలు నేర్పించండి: గొంతు పట్టుకుంటే ఊపిరి ఆడట్లేదని, రెండు చేతులూ తలమీద పెడితే సాయం కావాలని, పక్కవాడి మణికట్టు పట్టుకుంటే వెంటనే బయటికి నడవమని.