పాత ఫ్రెంచి చేతిరాత జీవితచరిత్ర ఏనాటిదో తేల్చడం ఎలా?

మొదటి పేజీలో 1719 కనబడగానే 'అప్పటిదే' అని తీర్పు చెప్పేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మదామ్ ద మెంతెనాన్ జీవితచరిత్రనే తీసుకోండి. ఆవిడ పోయిందే 1719లో, అందులో ఆ ఏడు లేకుండా ఎలా ఉంటుంది? ఫ్రాన్స్ రాజు పదునాలుగో లూయీ రహస్యంగా పెళ్లాడిన మనిషి, పైగా 1686లో సేంసీర్‌లో ఆడపిల్లలకు బడి పెట్టింది. ఆవిడ గురించి రాసినవాటికి నకళ్లు ఆ తర్వాతా తీస్తూనే వచ్చారు.

కావలసినవి: మెత్తటి దిండ్లు, స్కేలు, పెన్సిల్, భూతద్దం, పల్చటి ఎల్‌ఈడీ లైట్ షీట్. పెన్ను ఆ గదిలోకే తేవద్దు. గ్లవ్స్ కూడా వద్దు, అది సినిమాలు చూసి నేర్చుకున్న అలవాటు. కాటన్ గ్లవ్స్‌తో పేజీ తిప్పితే వేలికి స్పర్శ తెలియక అంచు చిరుగుతుంది. చేతులు కడిగి, పూర్తిగా ఆరాక ముట్టుకోండి.

పేజీలు లెక్కపెట్టండి, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి. సిరా గోధుమరంగులో ఉందని సంబరపడకండి, మాచికాయ, అన్నభేది కలిపి చేసిన సిరా ఇరవయ్యో శతాబ్దంలోనూ వాడారు.

ఇక అసలు పని వాటర్‌మార్క్, అంటే కాగితం తయారుచేసేటప్పుడే అందులో పడి, వెలుతురుకు అడ్డం పెడితే కనిపించే గుర్తు. పుస్తకాలు పాడయ్యేది ఇక్కడే. పుస్తకం కట్టేటప్పుడు మిల్లు నుంచి వచ్చిన పెద్ద కాగితాన్ని ఒక్క మడత పెడితే గుర్తు పేజీ మధ్యలో వస్తుంది, చూడటం తేలిక. రెండు మడతలు పెడితే మాత్రం గుర్తు కుట్టు దగ్గర రెండు ముక్కలై, సగం ఒక ఆకులో, సగం ఇంకో ఆకులో పడుతుంది. అది చూడాలని పుస్తకాన్ని చపాతీలా పరిచేస్తారు, వెన్ను టక్కున విరుగుతుంది! అట్టల కింద దిండ్లు పెట్టి, పుస్తకం తనంతట తాను ఎంత తెరుచుకుంటే అంతే తెరవండి. లైట్ షీటును ఒక్క ఆకు కింద కుట్టు దాకా మెల్లగా జరపండి, తగిలితే ఆపేయండి, తోయకండి. పక్కన స్కేలు పెట్టి ఒక్కో సగాన్ని ఫొటో తీసి తర్వాత కంప్యూటర్‌లో కలుపుకోండి. ట్రేసింగ్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో గీసేవాళ్లున్నారు, ఆ ఒత్తిడికి గీత కాగితంలో దిగిపోతుంది, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. అట్ట పక్కనుండే ఖాళీ కాగితాలను నమ్మకండి, బైండింగ్ చేసినవాడు వేరే కాగితం వేసి ఉండొచ్చు. రాత ఉన్న ఆకులే, అవీ ఒకటి కాదు, నాలుగైదు చోట్ల చూడండి.

గుర్తులో 1742 అని కనిపిస్తే ఆగండి. 1741 నాటి రాజాజ్ఞతో ఫ్రాన్స్‌లో కాగితంలో ఆ అంకె వేయడం మొదలైంది, చాలా మిల్లులు ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే అచ్చు వాడాయి. అంటే మీ '1719' పుస్తకం 1742కి ముందుది కాదు, 1770ల నాటిదైనా కావచ్చు. కాగితం సంగతి ఆలోచించకపోతే ఎలా మోసపోతామో చూడండి: నకిలీ ఉత్తరాలు తయారుచేసి అమ్మే వ్రేన్-లూకా అనేవాడు క్లియోపాత్రా రాసిందంటూ ఫ్రెంచిలో, అదీ కాగితం మీద ఉత్తరం సృష్టించి అమ్మాడు, కొన్నది పేరున్న గణిత శాస్త్రవేత్త మిషెల్ షాల్! చదువుకున్నవాళ్లే ఇలా ఉంటే ఏం చెప్తాం.

స్పెల్లింగు చివర్న చూడండి. క్రియల చివర 'ఓ-ఐ' బదులు 'ఏ-ఐ' రాయడాన్ని ఫ్రెంచి అకాడమీ నిఘంటువు ఒప్పుకున్నది 1835లో, కొందరు అంతకుముందే అలా రాశారు. పాత స్పెల్లింగు ఉంటే మాత్రం ఏమీ తేలదు, నకలు తీసినవాడు ఉన్నది ఉన్నట్టు దింపి ఉండొచ్చు. నోట్‌బుక్‌లో ఒక్క ఏడు కాకుండా '1742 లేదా ఆ తర్వాత' అని పెన్సిల్‌తో రాసుకోండి.