బైపాస్ ఫిల్టర్ కొంటున్నారా? ముందు ఆ సన్నని రంధ్రం చూడండి

చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కే లోడు లారీల్లో ఇంజిన్ ఆయిల్ తొందరగా నల్లబడుతుంది. ఆ నలుపు మసి. కంపెనీ ఫిల్టర్ ఆయిల్ మొత్తాన్నీ వడకట్టాలి కాబట్టి దాని జల్లెడ కాస్త పెద్దది. మసి అందులో ఆగదు. బైపాస్ ఫిల్టర్ దాదాపు పదో వంతు ఆయిల్‌నే తీసుకొని, నిదానంగా, చాలా సన్నగా వడకట్టి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి పంపుతుంది.

కొనేటప్పుడు అందరూ ఎంత సన్నని మురికిని ఆపుతుందో చెప్పే మైక్రాన్ల అంకె అడుగుతారు. నేనైతే ముందు ఆయిల్ ప్రవాహాన్ని అదుపు చేసే సన్నని రంధ్రం ఉందా అని చూడమంటాను. అది లేకపోతే ఆయిల్ ప్రెజర్ పడిపోయి బేరింగులు దెబ్బతింటాయి. ఎంత చౌకగా ఇచ్చినా అలాంటిది వద్దు. ఫిల్టర్ లోపల మార్చాల్సిన కాట్రిడ్జ్ చిత్తూరులోనో తిరుపతిలోనో దొరుకుతుందా అన్నదీ ముందే కనుక్కోండి.

ఫిల్టర్‌కు ఆయిల్ తెచ్చే గొట్టం వేడి ఆయిల్‌ను, ప్రెజర్‌ను తట్టుకునేదై ఉండాలి. ఛాసిస్ అంచుకు రాసుకునే చోట రబ్బరు తొడుగు తప్పనిసరి. బిగించాక కాసేపు ఇంజిన్ నడిపి, ఆపి, డిప్‌స్టిక్ చూసి తగ్గిన ఆయిల్ పోయండి.

కంపెనీ ఫిల్టర్‌ను మాత్రం తీయకండి. ఆయిల్‌లో డీజిల్ కలుస్తుంటే బైపాస్ ఫిల్టర్‌తో పోదు, ముందు ఆ లీకు పట్టించండి.