స్టేషన్ మాస్టర్ పని నేర్చుకుందాం – 4: తోక చూశాకే నంబరు

ఈ భాగంలో కాషన్ ఆర్డరు (ఫలానా చోట జాగ్రత్తగా పొమ్మని డ్రైవరుకిచ్చే కాగితం) రాయడం నేర్చుకోవాల్సింది. అది వచ్చే భాగానికి వాయిదా. పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు.

లెక్క ఇదీ: 'క', 'చ' పక్కపక్క స్టేషన్లు, మధ్య డబుల్ లైను. 'క'లో బయల్దేరిన గూడ్సు 'చ'కు వస్తోంది. దాని వెనకే పంపడానికి 'క'లో ఒక పాసింజరు సిద్ధంగా ఉంది. ఆ పాసింజరుకు 'చ' మాస్టరు లైన్ క్లియర్ (లైను ఖాళీ, బండి పంపొచ్చు అనే అనుమతి) ఎప్పుడు ఇవ్వాలి? ఎక్కువమంది "గూడ్సు ఇంజను ప్లాట్‌ఫారం చేరగానే" అన్నారు. కొందరు "హోమ్ సిగ్నల్ (స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్) దాటగానే" అన్నారు. "కంట్రోలర్ చెప్పగానే" అన్నవాళ్ళూ ఉన్నారు. (ఒకరైతే 'క' కాచిగూడ, 'చ' చర్లపల్లి అనుకుని మ్యాపు తీశారు. కాదు బాబూ, రెండూ ఊహించినవే.)

ముందు కంట్రోలర్ సంగతి. సికింద్రాబాద్‌లో కూర్చున్న సెక్షన్ కంట్రోలర్ ఏ బండి ముందు పోవాలో, దేన్ని లూప్‌లో (స్టేషన్‌లోని పక్క లైనులో) పెట్టాలో చెబుతాడు. ఆ మాట వినాలి. కానీ లైను ఖాళీగా ఉందని పూచీ పడేది మీరు. ఆయనకు మీ పట్టాలు కనిపించవు, ఫోన్లో ఎంత తొందర పెట్టినా సరే.

మల్టిపుల్ యాస్పెక్ట్ (రెండుకు మించి సూచనలు చూపే) సిగ్నళ్ళున్న డబుల్ లైనులో లైన్ క్లియర్‌కు కావలసినవి మూడు. ముందు బండి పూర్తిగా వచ్చేసి ఉండాలి, దాని వెనక సిగ్నళ్ళు మళ్ళీ ఎరుపుకు వేసి ఉండాలి, హోమ్ సిగ్నల్ వరకు, అది దాటి మరో 180 మీటర్ల వరకు లైను ఖాళీగా ఉండాలి. పాత టూ యాస్పెక్ట్ (రెండే సూచనలు చూపేది) అయితే బయటి అవుటర్ సిగ్నల్ దాటి 400. చివరి రెండింటిలో ఎవరూ తప్పలేదు. 'పూర్తిగా' అన్నచోటే అందరూ జారారు.

గూడ్సు పొడవు ఆరేడు వందల మీటర్లు ఉంటుంది. ఇంజను మీ గది ముందుకొచ్చినప్పుడు దాని తోక ఇంకా స్టేషన్ బయటే ఉండొచ్చు. అసలు తోకే రాకపోవచ్చు కూడా! కప్లింగ్ (పెట్టెలను కలిపే కొక్కెం) విడిపోయి సగం బండి సెక్షన్‌లో, అంటే రెండు స్టేషన్ల మధ్య, నిలిచిపోయిందనుకోండి, ఇంజను చూసి మీరు లైన్ క్లియర్ ఇస్తే పాసింజరు నేరుగా వెళ్ళి దానికి తగులుతుంది. "గాలి పైపు ఊడి రెండు ముక్కలకూ బ్రేకు పడుతుంది కదా సార్" అని ఒకరు రాశారు. చాలావరకు పడుతుంది. చాలావరకు అన్నదాన్ని నమ్ముకుని లైన్ క్లియర్ ఇవ్వరు. బ్లాక్ పరికరం (పక్క స్టేషన్‌తో లైన్ క్లియర్ ఇచ్చిపుచ్చుకునే యంత్రం) చూసుకోదా అంటే, యాక్సిల్ కౌంటర్ పెట్టినచోట చూసుకుంటుంది. లోపలికెళ్ళిన ఇరుసులు, బయటికొచ్చిన ఇరుసులు లెక్క సరిపోతేనే ఖాళీ అని చూపిస్తుంది. అది లేని పాత పరికరానికి బండి వచ్చిందని తెలుస్తుందే తప్ప మొత్తం వచ్చిందో లేదో తెలియదు. కౌంటర్ ఫెయిలై రీసెట్ చేయాల్సి వచ్చినా, చివరి బండి పూర్తిగా వచ్చిందని మళ్ళీ మనిషే తేల్చాలి.

అంటే చూడాల్సింది చివరి పెట్టె వెనక భాగం. పగలైతే ఎల్వీ (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) బోర్డు, రాత్రయితే ఎర్రగా మిణుకుమనే టెయిల్ ల్యాంపు. "పెద్ద ఎక్స్ గుర్తు కనిపించింది, చాలదా?" అని అడగకండి, నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్స్ అనేది పెట్టెకు వేసిన రంగు. దాని వెనక ఇంకో పెట్టె తగిలించారో లేదో ఆ రంగుకేం తెలుసు? ఎల్వీ బోర్డు అలా కాదు, ఆ రోజు ఆ బండికి చివర ఇదే అని తగిలించేది. గూడ్సుకైతే ఎక్స్ కోసం వెతకనే వెతకొద్దు.

ఆగకుండా వెళ్ళే బండికి పచ్చజెండా పట్టుకుని బయట నిలబడేది అందుకే. ఇంజను పోగానే గదిలోకి నడిచే మాస్టర్లంటే నాకు పడదు. గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు, నా నోటికి ఇంకా ఎక్కలేదు) జెండా కనిపించి, ఎల్వీ కనిపించేదాకా కదలొద్దు. ఆగిన బండి తోక మీకు కనబడని చోటుంటే, పూర్తిగా వచ్చింది, ఫౌలింగ్ మార్కు (పక్క లైను బండికి తగలకుండా ఉండే హద్దు) లోపలికి చేరింది అని గార్డు దగ్గర సంతకం తీసుకోవాలి.

బోర్డు కనబడలేదా? బ్లాక్ పరికరం మీద గంట నాలుగుసార్లు కొట్టకండి. నాలుగంటే బండి సెక్షన్ దాటింది అని అర్థం. పరికరాన్ని 'ట్రైన్ ఆన్ లైన్' (లైను మీద బండి ఉంది) స్థితిలోనే ఉంచి, వెనక స్టేషన్‌కు, ముందు స్టేషన్‌కు, కంట్రోల్‌కు చెప్పండి. బండిని ముందు స్టేషన్‌లో ఆపి చూస్తారు. పక్క లైను మరవకండి: వెనక మిగిలిన వ్యాగన్లు పట్టాలు తప్పి అటు పడి ఉండొచ్చు.

ప్రైవేట్ నంబరు (లైన్ క్లియర్‌కు రుజువుగా షీటు చూసి అవతలి స్టేషన్‌కు చెప్పే అంకె) ఇదంతా అయ్యాకే. ఇచ్చిన వెంటనే షీటులో కొట్టేయండి, అవతలివాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి. నేనైతే షీటు మీద స్కేలు పెట్టుకుంటాను, కన్ను పక్క వరుసకు పోదు. అంకెలు విడివిడిగా, 'నాలుగు, ఏడు' అని చెప్పండి.

అభ్యాసం: ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని బేగంపేటలో రెండు గంటలు కూర్చోండి. ఉదయం రద్దీలో అయితే మంచిది. పసుపు గీత వెనకే. ప్రతి బండికీ ఇంజను మీ ముందుకొచ్చిన టైము, తోక దాటిన టైము, ఎల్వీ చూశారా లేదా, 24 గంటల పద్ధతిలో అప్పటికప్పుడు రాయాలి. ఇంటికెళ్ళి గుర్తు చేసుకుని నింపితే తెలిసిపోతుంది, టైములన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగుస్తాయి. ఒకేసారి రెండు వైపులా బండ్లొస్తే రెండూ రాయాల్సిందే. గూడ్సులు కావాలంటే మౌలాలి వైపు వెళ్ళండి. రాత్రి కూడా ఒకసారి వెళితే ల్యాంపు ఎంత దూరం నుంచి కనబడుతుందో తెలుస్తుంది. ఎల్వీ గడిలో ఖాళీ వదిలిన వరుసలు ఎన్నున్నాయో పైన రాసి పంపండి.