జబ్బుకి వంశవృక్షం గీయడం: ఓ దస్తావేజు లేఖరి పద్ధతి

ముప్ఫై నాలుగేళ్ళుగా కోనసీమలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నానండి. కొబ్బరితోట పంచుకోవాలన్నా, పెరటి గోడ తగువు తేలాలన్నా ముందు వంశవృక్షం రాయాలి. అందుకే మా తమ్ముడి కొడుక్కి బైపోలార్ (కొన్నాళ్ళు నిద్రలేని ఉన్మాదం, కొన్నాళ్ళు మంచం దిగనంత దిగులు వచ్చే మానసిక జబ్బు) అని తేల్చిన డాక్టరుగారు "మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా?" అనడిగితే, ఇంటికొచ్చి అరగంటలో చెట్టు గీసేశాను. అంతా పనికిరానిదే. ఆస్తి చెట్టులో పెళ్ళికాకుండా పోయినవాడు ఓ పక్కకి పోతాడు, ఆడపిల్ల అత్తారింటితో ఆగిపోతుంది, ఇల్లొదిలి వెళ్ళినవాడు 'ఆచూకీ లేదు' అయిపోతాడు. డాక్టరుకి కావలసింది సరిగ్గా వాళ్ళే.

కాగితం అడ్డంగా పెట్టుకోండి. దస్తావేజు మూలపురుషుడి దగ్గర మొదలవుతుంది, ఇది మాత్రం రోగి దగ్గర మొదలై పైకి వెళ్ళాలి. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా. పోయినవాళ్ళ మీద ఏటవాలుగా గీత. డాక్టరు తేల్చిన జబ్బయితే గడి మొత్తం నింపాలి. అనుమానమే అయితే నేను పెన్సిలుతో సగం నింపుతాను. అమ్మవైపూ నాన్నవైపూ మూడేసి తరాలు చాలు. మేనరికమైతే భార్యాభర్తల మధ్య జంటగీత.

ఈ జంటగీత మావైపు చాలా ఇళ్ళలో పడుతుంది. మా తమ్ముడు మా పెద్దక్క కూతుర్నే చేసుకున్నాడు. కాబట్టి కుర్రాడి తండ్రివైపు గీతా, తల్లివైపు గీతా పైకెళ్ళి మా అమ్మ దగ్గరే కలుస్తాయి. అమ్మ పుట్టింటి నుంచి ఏదైనా దిగితే, ఒకే చేలోకి రెండు బోదెల్లోంచి నీరు వచ్చినట్టు రావచ్చు. వచ్చి తీరుతుందని కాదు.

ఇక్కడ దిగేది ఒక్క జన్యువు కాదు. 1987లో అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలను పరిశీలించి, 11వ క్రోమోజోములో (జన్యువులుండే పోగు) ఈ జబ్బు జన్యువు ఆచూకీ దొరికిందనుకున్నారు. అవే కుటుంబాల్లో మరికొందరిని కలిపి చూస్తే రెండేళ్ళకే ఆ లెక్క నిలవలేదు. 2025లో లక్షన్నర మందికి పైగా రోగుల జన్యువులు చూసిన పరిశోధన 298 చోట్ల తేడాలు చూపింది. ఒక్కోదాని బలం ఆవగింజంత. అందుకే జన్యుపరీక్షతో ఈ జబ్బు తేల్చే పద్ధతి ఇంకా లేదు, తేలుస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి ఉంటే నూటికి ఐదు నుంచి పది మందికి వస్తుంది. అంటే కనీసం తొంభై మందికి రాదు. అచ్చం ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి రావడం 40 నుంచి 70 శాతమే. ఆస్తిలో ఎవరి వాటా ఎంతో నేను అణాపైసలతో చెప్పగలను, ఇందులో ఏ డాక్టరూ చెప్పలేడు.

అసలు కష్టం అడగడంలో ఉంది. "మనింట్లో ఎవరికైనా పిచ్చి ఉందా?" అంటే ఏ ఇంట్లోనైనా జవాబు ఒకటే. మా పెద్దమ్మకి ఎనభై ఆరేళ్ళు. చింతపండు గింజ తీస్తూ "మన వంశంలో అలాంటివేం లేవురా" అంది. నేను కూడా పీట వేసుకుని గింజ తీయడం మొదలెట్టాను. జబ్బు పేరెత్తలేదు. "చిన్న మావయ్యకి నిద్ర తక్కువటగా?" అన్నాను. చెయ్యి ఆగింది. "తక్కువేంట్రా, పడుకునేవాడే కాదు. వారం రోజులు. కాలవగట్టు మీద పద్యాలు పాడుకుంటూ తిరిగేవాడు. తర్వాత ఆరు నెలలు గదిలోంచి బయటికి రాలేదు."

అడగాల్సింది ఇలాంటివే. నిద్ర ఎన్నాళ్ళు లేదు? ఆ రోజుల్లో డబ్బు ఎలా ఖర్చయింది? ఎన్నాళ్ళు మంచం దిగలేదు? బాలింతగా ఉన్నప్పుడు ఎవరికైనా మతి తప్పిందా? (ఇది ఆడవాళ్ళనే అడగండి, అదీ మగవాళ్ళు లేనప్పుడు.) తాగుడు, ఆత్మహత్య కూడా రాసుకోవాలి. మొదటిసారి ఎన్నేళ్ళప్పుడు అన్నది ముఖ్యం, ఈ జబ్బు ఎక్కువగా పదిహేనుకీ పాతికకీ మధ్య బయటపడుతుంది. ముసలివాళ్ళకి సంవత్సరాలు గుర్తుండవు. "86 వరదకి ముందా? 96 తుఫానుకి తర్వాతా?" అంటే మాత్రం ఠక్కున చెప్తారు. చేతబడి, గాలి అన్నా కొట్టిపారేయకండి, ఏం జరిగిందో అడిగి అది రాయండి.

పాత కాగితాలు కూడా తిరగేయండి. మావయ్య అమ్మిన పొలాల నకళ్ళు తీస్తే 1979లో ఒకే నెలలో మూడు విక్రయ దస్తావేజులు ఉన్నాయి, మూడింటిలోనూ ధర చుట్టుపక్కల చేల ధరకి సగం. మూడో దాంట్లో సంతకం కాగితం అంచు దాటిపోయింది. అయినా అమ్మకం ఒక్కటే రుజువు కాదు, ఆ ఏడాది ఇంట్లో పెళ్ళి ఉందేమో కూడా చూసుకోవాలి. ఆయన 'కాలవలో జారిపడ్డాడు' అని మా ఇంట్లో మాట. నేను 'నీట మునిగి, అనుమానం' అని రాశాను. పెద్దమ్మ కాదనలేదు.

ఇదంతా ముందే చేసి ఉంటే బాగుండేది. కుర్రాడు మొదట దిగులుతో కాలేజీ మానేసినప్పుడు వేరే డాక్టరు దగ్గర డిప్రెషన్ మాత్రలు రాయించాం. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. బైపోలార్ ఉన్న కొందరిలో ఆ మాత్ర ఒక్కటే వాడితే ఉన్మాదం లేస్తుందట. నెల తిరక్కుండా మావాడు రాత్రికి రెండు గంటలు పడుకుంటూ, అమెరికా ఎగుమతికంటూ ఆత్రేయపురం నుంచి రెండు వందల డబ్బాల పూతరేకులు తెప్పించాడు. ఊరంతా పంచినా మిగిలాయి. కాబట్టి డిప్రెషన్ అని వెళ్ళినా ఈ కాగితం ముందే బల్లమీద పెట్టండి. అలాగని వాడుతున్న మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. బంధువుల్లో ఎవరికి ఏ మందు పనిచేసిందో కూడా రాయండి. ఈ జబ్బుకి వాడే లిథియం అనే మందు బాగా పనిచేయడం కొన్ని కుటుంబాల్లో వరుసగా కనిపిస్తుంది. హైదరాబాదులో ఉన్న మా పెద్దమ్మ మనవడు అదే వాడుతున్నాడని ఈ చెట్టు గీస్తేనే తెలిసింది.

కాగితాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. సంబంధాలు చూసేవాళ్ళ చేతికి అసలివ్వకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, మన ఇంట్లోంచే బయటికి పోతే ఆ చట్టం ఏం చేస్తుంది? డాక్టరు దూరమైతే, మాట్లాడటానికి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు.

చెట్టు పూర్తయ్యాక కుర్రాడికి చూపించాను. పెన్ను తీసుకుని తన చతురస్రం తనే నింపుకున్నాడు. తర్వాత నా గడి మీద వేలు పెట్టి "ఇది ఖాళీగా ఉందేంటి పెదనాన్నా? మీరు ఓ ఏడాది పనిలోకి వెళ్ళలేదని నాన్న అన్నాడే?" అన్నాడు. నాకు ముప్ఫై రెండప్పుడు. 96 తుఫానుకి తోట పడిపోయిందని అందరికీ చెప్పుకున్నాం, కానీ నేను మంచం ఎక్కింది అంతకు నాలుగు నెలల ముందే. పెన్సిలు తీసి సగం నింపాను.