మందు పేల్చకుండా రాతి దిమ్మ తీయడం

మాది కోనసీమ. గునపం ఎంత లోతుకు దింపినా ఒండ్రుమట్టే తప్ప రాయి తగలదు. మెట్టుకైనా గట్టుకైనా రాయి మెట్ట ప్రాంతం నుంచి రావలసిందే. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనప్పుడు కూడా అక్కడి కొండరాయే ఆధారమైంది. నేను మెట్టలోని నల్లరాతి క్వారీల్లో 18 ఏళ్లుగా పని చేస్తున్నాను. మా లంకల నుంచి కొత్తగా వచ్చే కుర్రవాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మందు పేలిస్తే రాయి ఊడుతుంది కానీ లోపల కంటికి కనపడని నెర్రెలు పడతాయి. పలకలు కోసి పాలిష్ పట్టాక అవి బయటపడితే అంత శ్రమా వృథా. హైడ్రాలిక్ స్ప్లిటర్ అలా అదరగొట్టదు. బెజ్జంలో రెండు ఇనుప పలకల మధ్యకు, మొన వైపు సన్నబడే సీలను నూనె ఒత్తిడితో దించి, రాయిని లోపలి నుంచి రెండు పక్కలకూ నెడుతుంది. రాయి నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. ఈ యంత్రం కిటుకంతా అదే.

ముందు బండ చీలే వాటం చూసుకోండి. దిమ్మ జరగడానికి ఒక పక్క ఖాళీ ఉండాలి. గీత కొట్టి, గట్టి రాతిలో బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం మూర మించకుండా బెజ్జాలు వేయండి. అన్నీ నిటారుగా, ఒకే వరుసలో ఉండాలి. నీళ్లు పోస్తూనే డ్రిల్లు చేయండి, మాస్కు తీయకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.

బెజ్జం సీల కన్నా లోతుగా ఉండాలి. ఒకసారి అడుగున పేరుకున్న పొడిని ఊదకుండా సీల దించాను. మొన అడుక్కి తగిలి వేలెడు ముక్క విరిగి లోపలే ఇరుక్కుంది. దాన్ని తీయడానికి ఒక పూట పట్టింది. అప్పటి నుంచి ప్రతి బెజ్జంలోనూ పుల్ల పెట్టి కొలుస్తాను.

సీలకు గ్రీజు దండిగా రాయండి. పలకలు దిమ్మ కదలవలసిన వైపుకు నెట్టేలా ఉండాలి. అవి అడ్డం తిరిగితే చీలిక గీత తప్పి దిమ్మలోకే పోతుంది. సీలలను దించే సిలిండర్లన్నిటికీ ఒత్తిడి ఒకేసారి, కొంచెం కొంచెంగా ఇవ్వండి. ‘టిక్కు’ మని వినపడగానే పంపు ఆపి నిలబడండి. రాయికి వ్యవధి ఇవ్వాలి. తొందరపడినవాళ్ల దిమ్మలకే మూలలు ఎగిరిపోవడం చూశాను. గొట్టం కారుతున్నట్టు అనిపిస్తే చేత్తో తడమవద్దు, సన్నని నూనెధార చర్మంలోకి దూసుకుపోతుంది.

చీలిక అడుగుదాకా పోయిందో లేదో తెలియాలంటే పక్క ముఖం మీద చెంబెడు నీళ్లు పోయండి. రాయంతా ఆరాక కూడా చీలిక ఉన్నచోట నల్లని గీత తడిగా మిగులుతుంది. అది మధ్యలో ఆగిపోతే సీలలు పైకి తీసి, పలకల వెనక రేకులు పెట్టి మళ్లీ దించండి. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న దిమ్మ అయిదు టన్నులు దాటుతుంది. గీత అడుగు తాకేదాకా క్రేను గొలుసు వేయనివ్వకండి, దిమ్మ జరిగే వైపు ఎవరినీ నిలబడనివ్వకండి.