సూడోమోనాస్ తయారీకి రిజిస్ట్రేషన్: ఫైలు ఎక్కడ ఆగుతోంది?

మొన్న ఒక కుర్రాడు ఫైలు పట్టుకొచ్చాడు. చిత్తూరు దగ్గర పల్లె, చదివింది మైక్రోబయాలజీ. పైరు తెగుళ్లను అణిచే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పొడి తయారుచేసి శెనక్కాయ రైతులకు అమ్ముకోవాలని ఆశ. "లైసెన్సు వచ్చేసింది సార్, ఎనభై వేలయింది" అన్నాడు. తెరిచి చూస్తే ఉద్యమ్ సర్టిఫికెట్టు (చిన్న వ్యాపారాల నమోదు), ట్రేడ్‌మార్కు దరఖాస్తు రసీదు, బంగారు అంచున్న ఐఎస్ఓ నాణ్యత కాగితం. మూడింట్లో ఒక్కటీ లైసెన్సు కాదు. దర్శనం టికెట్టుకే దళారులు తిరిగే తిరుపతిలో దీనికీ ఒకడు దొరక్కుండా ఉంటాడా!

బతికున్న బ్యాక్టీరియానే అయినా, తెగులు కోసం అమ్మితే అది 1968 పురుగుమందుల చట్టం కిందికే వస్తుంది. అనుమతులు రెండు. ముందు కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ (ఫరీదాబాద్) నుంచి రిజిస్ట్రేషన్. అది చేతికొచ్చాక రాష్ట్ర వ్యవసాయ శాఖ నుంచి తయారీ లైసెన్సు. కొత్తవాళ్లు మామూలుగా ఆ చట్టం 9(3బి) సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌కు వేస్తారు. అది రెండేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్. జీవ మందులను ఈ తాత్కాలిక గడువులో కూడా అమ్ముకోవచ్చు. ఈలోగా మిగతా డేటా సమకూర్చుకుని 9(3) కింద పూర్తి రిజిస్ట్రేషన్‌కు వెళ్లాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పాన్, స్థలం కాగితాలు, ఫీజు దగ్గర ఎవరూ ఇబ్బంది పడగా నేను చూడలేదు.

ఇబ్బందంతా స్ట్రెయిన్ కాగితం దగ్గరే. స్ట్రెయిన్ అంటే ఒకే బ్యాక్టీరియాలో ఒక్కో రకం.

శెనక్కాయ మొక్క మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్లు చూసే ఉంటారు. అదే స్క్లెరోషియం, కాండం కుళ్లు తెచ్చే శిలీంధ్రం. దాని కణగోడలో ఉండేది చిటిన్, గ్లూకాన్. మంచి బ్యాక్టీరియా చిటినేజ్, గ్లూకనేజ్ అనే ఎంజైములు వదిలి ఆ గోడను కరిగిస్తుంది. అయితే సూడోమోనాస్ అన్నంత మాత్రాన అన్నీ ఒకేలా పనిచేయవు. ఒక స్ట్రెయిన్ ఎంజైము దండిగా వదిలితే ఇంకోటి నామమాత్రంగా వదులుతుంది. అందుకే కమిటీ ఏ బ్యాక్టీరియా అని అడిగి ఊరుకోదు, ఏ స్ట్రెయిన్ అని అడుగుతుంది. మనవాడి బ్యాక్టీరియా ట్యూబు మీద మార్కరుతో "పి.ఎఫ్." (సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్) అని, ఒక తేదీ ఉన్నాయి, అంతే. "మా సార్ ఇచ్చాడు" అన్నాడు.

ఆ స్ట్రెయిన్‌ను చండీగఢ్ ఎంటీసీసీ లాంటి గుర్తింపు ఉన్న కల్చర్ బ్యాంకులో (సూక్ష్మజీవులను భద్రపరిచే చోట) దాచి, నంబరు తెచ్చుకోవాలి. విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకున్నదైతే వ్యాపారానికి వాడుకోవచ్చని రాతపూర్వక ఒప్పందం ఉండాలి. "పరిశోధన నిమిత్తం" అని రాసిచ్చిన ఉత్తరం దీనికి చెల్లదు. విష పరీక్ష, పొలం ప్రయోగం, కణాల లెక్క, అన్ని రిపోర్టుల మీదా అదే నంబరు పడాలి. ఒక్కదాని మీద తప్పినా ఫైలు వెనక్కి వచ్చేస్తుంది. అసలు డబ్బు పోయేది విష పరీక్షలకు. స్ట్రెయిన్ కాగితం తేలకుండా వాటికి రూపాయి కట్టకండి.

కణాల లెక్క అంటే గ్రాము పొడికి కనీసం పది కోట్ల బతికున్న కణాలు. సూడోమోనాస్ సిద్ధబీజాలు (ఎండను తట్టుకునే గట్టి రూపం) కట్టదు, రేకుల షెడ్డులో మే నెల ఎండకు ఆ లెక్క గబగబా పడిపోతుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో బ్యాక్టీరియా సిద్ధబీజాలు కట్టి తట్టుకుంటుంది. మన ఎండలకు నన్నడిగితే రెండోదే నయం.

దళారి ఇంకో దారి చెబుతాడు: "జీవ ఎరువు కింద వేసేద్దాం, తేలిగ్గా అయిపోతుంది" అని. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (1985) కింద జీవ ఎరువులు ఉన్న మాట నిజమే. కానీ సంచి మీద "తెగులు తగ్గిస్తుంది" అని ఒక్క ముక్క రాస్తే చాలు, పురుగుమందుల చట్టం తగులుకుంటుంది. సరుకు పట్టుకున్న రోజున ఆ దళారి ఫోను ఎత్తడు.

మీ పొలం కోసం మీరే కల్చర్ పెంచుకుంటారా, భయపడక్కర్లేదు. సొంత సాగు భూమిలో వాడుకోవడానికి ఈ చట్టం వర్తించదని 38వ సెక్షన్‌లోనే ఉంది. పక్క రైతు దగ్గర డబ్బు తీసుకుని ఇస్తే మాత్రం అది అమ్మకమే.

ఇంకోటి, ఆన్‌లైన్ దరఖాస్తు లాగిన్‌కు మీ ఫోను నంబరు, మీ మెయిలే ఇవ్వండి. ఆ కుర్రాడికి దళారి తన నంబరే పెట్టాడట. "అంతా మేం చూసుకుంటాం" అన్నాడంట. ఓటీపీ వాడికి, లోపాలు చూపే ఉత్తరం వాడికి. వీడేమో నాలుగు నెలలుగా, ఫైలు నడుస్తోందనే అనుకుంటున్నాడు.