చిన్న బోటు పాఠాలు – 6: తిరిగి ఒడ్డుకు రావడం

ఈసారి లంగరు వేయడం చెప్పాలి. కానీ కొత్తపట్నం నుంచి, తుమ్మలపెంట నుంచి, ఇస్కపల్లి నుంచి మీరు రాసినవి చదివాక లంగరును వచ్చేసారికి జరిపాను. అందరిదీ ఒకటే గొడవ. అలలు దాటి బయటికి బాగానే వెళ్లారు, వచ్చేటప్పుడు బోటు అడ్డం తిరిగింది. ఒకరికి వల పోయింది. ఒకరి ఇంజనులోకి ఉప్పునీళ్లు వెళ్లాయి. ఒక కుర్రాడికి బోటు అంచు తగిలి భుజం జారింది. ప్రాణాలు దక్కాయి, ముందు అది చాలు.

దాదాపు అందరూ "మీరు చెప్పినట్టే రేజ్ (ఇంజను జోరు) తగ్గించకుండా వచ్చాం" అని రాశారు. రేజ్ తగ్గించొద్దన్నది వెళ్లేటప్పటి మాట. అప్పుడు అల ఎదురొస్తుంది, బోటు ముక్కు దాన్ని చీల్చుకుని ఎక్కాలి, అందుకు బలం కావాలి. వచ్చేటప్పుడు అల వెనక నుంచి వస్తుంది. మీరూ అదీ ఒకే దిక్కుకు పోతుంటారు. అక్కడ రేజ్ ఇస్తే అల నెత్తి దాటి దాని ముందు వాలులోకి దిగిపోతారు. బోట్లు తిరగబడేది అక్కడే.

ఆ నాలుగైదు సెకన్లలో ఏం జరుగుతుందో విడమరిచి చెబుతాను. వెనక భాగం పైకి లేస్తుంది, ముక్కు కిందికి పోతుంది. ఫ్యాను (బోటును నెట్టే ఇంజను రెక్కలు) సగం గాలిలోకి వచ్చి ఇంజను ఒక్కసారిగా కీచుమంటుంది. చేతిలో హ్యాండిల్ తేలికైపోతుంది, అటు తిప్పినా ఇటు తిప్పినా బోటు వినదు. ముక్కు నీళ్లలో గుచ్చుకుని ఆగుతుంది, వెనకభాగం మాత్రం అల తోపుకి పక్కకు జరుగుతుంది. బోటు అలకు అడ్డంగా పడుతుంది. ఈ అల వదిలేసినా వెనకున్న అల బోల్తా కొట్టిస్తుంది. ఇంజను కీచుమన్నాక చేయగలిగింది చాలా తక్కువ. అందుకే అంతదాకా రానివ్వకూడదు.

అల కంటే వేగంగా పోయి తప్పించుకుందాం అనుకునేవాళ్లకు ఒక లెక్క. 2 మీటర్ల లోతున్న నీళ్లలో అల గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. చేపలు, వలలు, నలుగురు మనుషులతో ఉన్న ఫైబర్ బోటు చిన్న ఇంజనుతో దాన్ని దాటి ఎంత దూరం పోగలదు? పందెం వద్దు. ఒక అల మీ కిందనుంచి ముందుకు వెళ్లనివ్వండి. వెంటనే దాని వీపు మీదకి చేరండి. దాని నెత్తికి ఒక బోటు పొడవు వెనకే ఉంటూ, అది ఎంత వేగంతో పోతే అంతే వేగంతో పోండి. నెత్తి దగ్గరైతే రేజ్ తగ్గించండి, దూరమైతే కొంచెం పెంచండి. అది విరిగి నురగైపోయాక ఆ నురగ వెనకే ఒడ్డుకు రండి. హ్యాండిల్ పట్టుకున్నవాడు ముందు చూస్తే, ఇంకొకడు వెనక్కి తిరిగి కూర్చుని వచ్చే అలను పైకి చెబుతుండాలి.

వెనక అల అందుకునేలా ఉంటే వెనకభాగాన్ని దానికి సూటిగా పెట్టి, వేగం తగ్గించి, కిందనుంచి పోనివ్వండి. అలలు విరిగేచోట మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిరగడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. తిరిగేటప్పుడు బోటు అడ్డంగానే ఉంటుంది కదా.

బరువు ముక్కులో ఉంచకండి, చేపల తట్టలు కొంచెం వెనక్కి జరపండి. నేనైతే దీనితోపాటు వెనక నుంచి ఒక లావు తాడు కొంత బరువు కట్టి నీళ్లలోకి వదులుతాను. అది వెనకభాగాన్ని పట్టి ఉంచుతుంది, పక్కకు జరగనివ్వదు. తాడు ఫ్యానుకు చుట్టుకోకుండా చూసుకోవాలి. లైఫ్ జాకెట్లు, పెట్రోలు, ఇంజను ఆపే తాడు చేతికి కట్టుకోవడం గురించి మళ్లీ రాయను.

ఇక ఏడో అల. "ఏడోది పెద్దది, అది పోయాక దూరిపో" అని పెద్దవాళ్లు చెప్పారని చాలామంది లెక్కపెట్టారు. దయచేసి మానేయండి. దూరం నుంచి వచ్చే అలలు గుంపులుగా వస్తాయి నిజమే, గుంపుకీ గుంపుకీ మధ్య సందు దొరుకుతుంది నిజమే. కానీ గుంపులో ఎన్ని ఉంటాయన్నది ఆ రోజు సముద్రాన్ని బట్టి మారుతుంది. ఒకరోజు నాలుగు, ఇంకోరోజు పన్నెండు. పైగా గాలి అలలు, దూరపు అలలు కలిసి వచ్చినప్పుడు దేన్ని మొదటిదని లెక్కపెడతారు? విరిగే చోటుకు బయటే ఆగండి. గుంపులు మూడు నాలుగు పోయేదాకా చూడండి. ఈలోపు ఒడ్డున వేలంపాట అయిపోతోందని, ఐసు కరుగుతోందని టెన్షన్ పడతారు. తెలుసు. చేపల రేటు పడిపోతే రేపు చూసుకోవచ్చు.

ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, అయినా ఒడ్డున అలలు లేస్తున్నాయని ఒకరు అడిగారు. ఏప్రిల్, మే నెలల్లో అది మామూలే. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన అలలు కొన్ని రోజులు ప్రయాణించి మన తీరానికి వస్తాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వీటికి ముందే హెచ్చరిక ఇస్తుంది. అందులో అలల ఎత్తు 2 మీటర్లని ఉంటే, అది మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతుకు సగటు. మధ్యలో ఒకటో రెండో 4 మీటర్ల దాకా లేవొచ్చు.

మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, అయితే ఇంకో మెలిక. గుండ్లకమ్మ మొగ, పెన్నా మొగ ఇసుక మేటతో నిండి ఉంటాయి. పాటు సమయంలో నీళ్లు బయటికి పరిగెడుతుంటే, ఎదురొచ్చే అలలు పొట్టిగా, నిటారుగా లేచి అక్కడికక్కడే విరుగుతాయి. మన తీరంలో అమావాస్య, పౌర్ణమిలకు కూడా పోటుకీ పాటుకీ తేడా మీటరుకు అటూ ఇటూనే. అయినా మొగలో ఆ మీటరే లెక్క. మొగలోకి రావాలంటే పోటు ఎక్కుతున్నప్పుడు రండి. పెన్నా మీది సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో పెన్నా మొగ జోలికి పోవద్దు.

సాధన: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి. అమావాస్య నుంచి పౌర్ణమి దాకా రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మీ ఊరి ఒడ్డున కూర్చోండి. ఫోన్ గడియారం పెట్టుకుని గుంపు ఎప్పుడు మొదలైందో, అందులో ఎన్ని అలలో, తర్వాతి సందు ఎన్ని సెకన్లు ఉందో, మొదటి అల ఒడ్డుకు ఎంత దూరంలో విరిగిందో కాగితం మీద రాయండి. గాలి దిక్కు, పోటా పాటా అన్నది పక్కన రాయండి. మధ్యలో ఒక్కరోజు కూడా వదలొద్దు, వదిలితే మళ్లీ మొదటినుంచి. వచ్చేసారి లంగరు ఎక్కడ వేయాలో ఆ కాగితం చూసే తేలుస్తాం, దగ్గర పెట్టుకోండి.